గోదావరి కొలిచిన తోకచుక్క

గోదావరికి ముప్పై ఏళ్లు వచ్చేదాకా చుక్కలు మొనదేలి, సన్నగా ఉంటాయని తెలియదు. ఆమె కంటికి అవి దూదిపింజల్లా, గుండ్రంగా, మెత్తగా కనిపించేవి. బళ్లో నల్లబల్ల మీది రాత కనిపించకపోతే పక్క పిల్ల పలకలో చూసి రాసుకుంది. తర్వాత చేతికి వచ్చిన బీడీల పనికి దూరపు చూపుతో అవసరం పడలేదు. చాట ఒళ్లో, ఆకు వేళ్ల మధ్య. బీడీ కార్మికుల ఇళ్ల కాలనీ విడీ ఘర్కుల్‌లో ఓసారి కంటి శిబిరం పెట్టినప్పుడు, ఊరికే ఇస్తున్నారని వెళ్లి చష్మా తెచ్చుకుంది. ఆ సాయంత్రం తల పైకెత్తి చూసి, పక్కింటామెను చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చిందట. “చూడక్కా, సూదితో పొడిచినట్టున్నయ్! నీకు ముందునుంచి గిట్లనే కనవడుతున్నయా?”

ఊరి శివారు కుంభారిలోని కొత్త ఇంటికి వచ్చాక ఆమెకు డాబా మీద గచ్చి దొరికింది. పడమటివైపు జొన్న చేలు, వాటి మీద అడ్డులేని ఆకాశం. సెప్టెంబరు చివర కాలనీ మైదానానికి ఆరతి బాయి వచ్చింది. ఆమె రిటైరైన సైన్సు టీచరు. ఇక్కడ టీచరమ్మల్ని బాయి అంటారు గాని, తెలుగావిడే. ఊళ్లో చుక్కలు చూసే బృందాన్ని నడుపుతోంది. దసరా వెళ్లగానే సాయంత్రంపూట పడమట ఒక తోకచుక్క కనిపిస్తుందనీ, అది రోజురోజుకూ ఎంత మసకబారుతోందో వేర్వేరు చోట్ల నుంచి చూసి చెప్పేవాళ్లు కావాలనీ అడిగింది.

“ఎంత వెలుగుందో ఎట్ల కొలుస్తరు బాయీ? త్రాసు పెడ్తరా?” అంది గోదావరి.

ఆరతి బాయి నవ్వలేదు. తోకచుక్క మబ్బుతునకలా పరుచుకుని ఉంటుంది, చుక్కేమో మొనలా ఉంటుంది, రెంటినీ నేరుగా పోల్చలేం అంది. అందుకని చుక్కను కావాలనే మసక చేసి, తోకచుక్క తలంత చేసుకుని, అప్పుడు ఏది ఎక్కువ వెలుగో చూడాలి. వెలుగు ముందే తెలిసిన రెండు చుక్కల నడుమ దాన్ని నిలబెట్టి, అంకె వెయ్యాలి.

“మసక చెయ్యాల్నంటె?”

“దుర్బీణ్ చక్రం తిప్పి చెయ్యచ్చు. వట్టి కంటితోనైతే కష్టం.”

గోదావరి చష్మా తీసి పైకి చూసింది. పెట్టుకుని చూసింది. మళ్లీ తీసింది. “నాకు కష్టం లేదు బాయీ,” అంది.

దసరా మర్నాడు పొద్దుగూకాక ఆమె గచ్చి ఎక్కింది. మొదట శుక్రుడొక్కటే. ఇంకాస్త చీకటి పడ్డాక, చేల మీద, పైకి చిమ్మిన పలచని వెలుగు. చష్మాతో దాన్ని చూసి, చష్మా తీసి నడినెత్తికి దగ్గరున్న అభిజిత్ నక్షత్రాన్ని చూసి, పోల్చి, అంకె ఫోనులో పంపింది. గంటలోపే ఆరతి బాయి ఫోను చేసింది. మిగతా అందరూ చెప్పినదానికంటే గోదావరి చెప్పిన వెలుగు బాగా తక్కువట.

“తప్పా బాయీ?”

“దేనితోటి పోల్చినవ్?”

చెప్పింది.

“అదీ సంగతి. అభిజిత్ పైనుంది, తోకచుక్క కిందుంది. కింద దుమ్ము, పొగ ఎక్కువ. వెలుగును తినేస్తయ్. దానంత కిందున్న చుక్కతోటే పోల్చాలె. స్వాతి చుక్కను పట్టుకో.”

అంకె దిద్దుకొమ్మంటే గోదావరి ఒప్పుకోలేదు. చూసింది చూసినట్టే ఉండనిమ్మంది. మర్నాడు పొద్దు గూకకముందే ఎక్కి, స్వాతి ఎక్కడ బయటపడుతుందో కాచుకుని కూర్చుంది. ఈసారి అంకె అందరితో కలిసింది.

ఆ మరుసటి రోజు రాజారాం చెయ్యి మగ్గాన్ని తిప్పే బెల్టు పట్టాలో పడింది. రాజారాం గోదావరి భర్త. దాజీ పేట్‌లో ఒక చిన్న కార్ఖానాలో తువ్వాళ్ల పవర్‌లూమ్ నడుపుతాడు. కుడిచేతి చిటికెనవేలు సగం పోయింది. గోదావరి ఆ సాయంత్రం దవాఖానా వరండాలో గడిపింది. ఇవ్వాళ చూడలేదని రెండు ముక్కలు పంపి ఫోను కొంగులో కట్టేసుకుంది. డాక్టరు బయటికి వచ్చి తక్కిన చేతికి భయం లేదనేదాకా ఆ ముడి విప్పలేదు.

ఇంటికి తీసుకొచ్చిన రోజు సాయంత్రం గోదావరి గచ్చి మెట్ల వైపు వెళ్తే, అత్త గంగమ్మ మూడో మెట్టు మీద అడ్డంగా కూర్చుని ఉంది.

“పో. నన్ను దాటి పో,” అంది గంగమ్మ. “తోకచుక్కను చూడద్దంటరు పెద్దలు. నువ్వు రోజూ పోయి దండం పెట్టినట్టు చూస్తివి. నా కొడుకు వేలు తీసుకున్నది.”

పెద్దమనిషిని దాటడం గోదావరి చేయలేదు. వెనక్కీ తిరగలేదు. కింది మెట్టు మీద కూర్చుంది. బయట వెలుతురు తగ్గుతోంది. తోకచుక్క ఎవరి కోసమూ ఆగదు.

“అత్తమ్మా, ఊరంత చూసిన్రు దాన్ని. అందరి వేళ్లు పోయినయా?”

“మాటకు మాట చెప్తున్నవ్.”

“లేదు అత్తమ్మా. నాకూ దుఃఖమున్నది. రేపు ఆయనకు అన్నం నేనే కలిపి పెట్టాలె. కానీ తప్పు ఎవరిదో వాళ్ల మీదనే పడాలె. చుక్క మీద పడ్డదనుకో, కార్ఖానా ఓనర్లు ఖుష్.”

లోపలి గదిలోంచి రాజారాం గొంతు వినిపించింది. “అవ్వా, దాన్ని పోనియ్యే. పట్టా మీద అడ్డం పెట్టే జాలీ లేదు. ఊడిపోయి ఎన్ని రోజులాయెనో. చెప్పిన, చెప్పిన, ఎవ్వరు పెట్టలే. చుక్కకేం తెల్సు?”

గంగమ్మ గోడ పట్టుకుని లేచింది. కిందికి దిగుతుందనుకుంది గోదావరి. గంగమ్మ పైకి ఎక్కింది.

తూర్పున నిండు చంద్రుడు వచ్చేశాడు. పడమట తోకచుక్క అంతకుముందుకంటే బాగా పలచబడింది. గోదావరి అత్త గడ్డం పట్టుకుని మెల్లగా అటు తిప్పింది. గంగమ్మ కళ్లు చికిలించి చూసింది.

“గిదేనా? పొయ్యి ఆరినంక లేసే పొగ లెక్క ఉన్నది,” అంది. అని, చీర కుచ్చిళ్లు సర్దుకుని నీళ్ల ట్యాంకు పక్కన కూర్చుంది. “నీ పని నువ్వు చేసుకో. చీకట్ల ఒక్కదానివి ఎందుకు?”

రాజారాం చెయ్యి మానాక కార్ఖానాకు వెళ్లాడు గాని, జాలీ బిగించేదాకా మగ్గం ముట్టనన్నాడు. పక్క మగ్గాలవాళ్లు కూడా అతనితోపాటు నిలబడ్డారు. రెండో రోజు మధ్యాహ్నానికి మిస్త్రీ వచ్చి అన్ని మగ్గాలకూ జాలీలు బిగించాడు.

ఈలోగా చంద్రుడు సాయంత్రపు ఆకాశం నుంచి తప్పుకున్నాడు, కాని వానలు పట్టుకున్నాయి. మబ్బు విడిచిన సాయంత్రం గోదావరి చూస్తే తోకచుక్క ఇంకా పైకి జరిగి, వట్టి కంటికి ఉందా లేదా అన్నట్టయింది. ఇక చష్మా ఉపాయం సాగదు. బస్సెక్కి ఊళ్లోకి వెళ్లి ఆరతి బాయి దగ్గర దుర్బీణ్ అడిగి తెచ్చుకుంది. చక్రం తిప్పి చుక్కల్ని మసక చేయడం, చేతులు వణకకుండా మోచేతులు పిట్టగోడకు ఆనించడం నేర్చుకుంది. పగలు ఆకులు కత్తిరించి, బీడీలు చుట్టి, పొద్దు వాలగానే చాట పక్కన పెట్టేది. బీడీలు తక్కువ పడ్డ రోజు తెల్లవారే లేచి ఆ లోటు పూడ్చేది.

దీపావళికి కాలనీ అంతా పటాకుల పొగ. ఆ పొగలోనే కళ్లు మండుతుంటే వెతికింది. తోక లేదు. ఊదితే ఆరేటంత బూడిదరంగు మచ్చ మాత్రం దొరికింది. పండుగ వెళ్లాక బృందంలో ఒక్కొక్కరే చూడడం మానేశారు. చేల బాట మీద చెరుకు బండ్లు మొదలై దుమ్ము లేస్తున్నా గోదావరి మాత్రం ఎక్కుతూనే ఉంది.

ఒక సాయంత్రం మబ్బేమీ లేకున్నా మచ్చ దొరకలేదు. మర్నాడూ లేదు. కనిపించలేదని, ఆ చోట తనకు కనిపించిన అతి మసక చుక్క ఏదో చెబుతూ సందేశం పంపింది. ఆరతి బాయి ఫోను చేసింది.

“కనవడలేదన్నది గూడా లెక్కనే గోదావరీ. మంచిగ చేసినవ్. దుర్బీణ్ తీరిక దొరికినప్పుడు తెచ్చియ్యి. ఇగ చాలు.”

“ఇంకో వారం చూస్త బాయీ,” అంది గోదావరి. “రేపు చెరుకు బండ్లకు సెలవట, దుమ్ము తక్కువుంటది.”