ఇసుకలో కట్టిన గుట్ట

నేను సైన్యంలో ఉన్నప్పటి మాట. మే నెల. మధ్యాహ్నం రెండుంపావుకు ట్రక్కు మమ్మల్ని ఎడారి శిబిరంలో దింపింది. సీసాలో నీళ్లు అప్పటికే టీ పెట్టుకునేంత వేడెక్కాయి. మూడింటికల్లా నాకు పని చెప్పారు. మ్యాపు చూసి ఇసుకతో ఆ ప్రాంతం నమూనా కట్టాలి. ముప్పై అడుగుల పొడవు, ఇరవై వెడల్పు. జల్లెడ, తాపీ, రెండు బకెట్లు, ఇళ్లు పెట్టడానికి అగ్గిపెట్టెలు ఇచ్చారు.

ఇక్కడ శంషాబాద్‌లో అందరూ "యుద్ధం చేసినవా అన్నా?" అని అడుగుతారు. చేయలేదు. యుద్ధం గురించి ఎలా ఆలోచిస్తారో మాత్రం దగ్గర నుంచి చూశాను. అది పెద్ద సైనిక విన్యాసం, ఉత్తుత్తి యుద్ధం. మాలో సగం మంది దండెత్తి వచ్చే సేన, సగం మంది కాచుకునే సేన. దండెత్తే మాకు రెండు లక్ష్యాలు: పడమట రన్‌వే, తూర్పున రహదారి కూడలి. ఉన్న ట్యాంకులు ఒక్కదానికే సరిపోతాయి. ముందు ఏది? అది తెలుసుకోకపోతే తిన్నది అరగనంత కుతూహలం నాకు.

మూడో రోజు పదకొండింటికి మా మేజర్ బూట్లు విప్పి నమూనా చుట్టూ తిరిగాడు.

"రన్‌వే దొరికితే మన బలగం దిగుతుంది. కూడలి దొరికితే వాళ్ల డీజిల్ ఆగుతుంది. కూడలే మేలు. కానీ దారికి అడ్డంగా ఈ రాళ్ల గుట్ట ఉంది, ట్యాంకులు ఎక్కవు. రన్‌వేకే పోదాం. దూరమైనా సరే. రేపు ఉదయం ఐదుకు కదలాలి."

వైర్‌లెస్ ఆపరేటర్ ఆ మాట రాసుకున్నాడు. భీమవరం వైపు మనిషి, ఇల్లు బడంగ్‌పేట్‌లో. సాయంత్రం నాలుగింటికి మ్యాపు పట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

"ఇందులో గుట్ట ఎక్కడుందండీ? నాకు ఇసుక దిబ్బే కనిపిస్తోంది."

చూశాను. మ్యాపులో అక్కడున్నది నాలుగిళ్ల పల్లె, వెనక చిన్న దిబ్బ. నా చేతులేమో కంకర రాళ్లు పేర్చి గుట్ట కట్టేశాయి. శంషాబాద్ పక్క మా ఊళ్లో, మా ఇంటి వెనకున్న బండల గుట్టే అది. గుట్ట లేకుండా ఇళ్లు పెట్టడం నాకు తోచనే లేదు.

చెబితే సెలవు పోతుంది. ఇంకో వారంలో ఇంటికి బయలుదేరాలి. చెప్పకపోతే అంతమంది ఆ ఎండలో నా తప్పును నమ్మి చుట్టుదారిన పోతారు. భయపడుతూనే నాలుగూ నలభైకి మేజర్‌కు చెప్పాను.

"ఎందుకు పెట్టావ్?"

"మా ఇంటెనక గట్లనే ఉంటది సాబ్."

ఆయన తిట్టలేదు. "నీ చేత్తోనే తీసెయ్" అన్నాడు. తీశాను. దాడి దారి చూపే ఎర్ర దారం రన్‌వేను వదిలి, అగ్గిపెట్టెల మీదుగా సూటిగా కూడలికి పోయింది.

ఉండబట్టలేక అడిగాను. "ఆ ఇండ్లల్ల ఎవరుంటరు సాబ్?"

"విన్యాసంలో ఎవరూ ఉండరు."

నా సెలవు నెల రోజులు వెనక్కి జరిగింది.

జూన్ చివర్లో, సాయంత్రం ఐదున్నరకు, శంషాబాద్‌లో బస్సు దిగాను. ఊరు చేరేసరికి మా ఇంటి వెనక ఆకాశం మునుపటికన్నా పెద్దదిగా ఉంది. దిగుతున్న విమానం వాకిట్లోంచే కనిపించింది.

"గుట్ట ఏదన్నా?"

"ఇంకేడి గుట్టరా?" అన్నాడు మా అన్న. "వెంచర్ వేస్తున్నరు. పేల్చి పదిహేను రోజులాయె. అనుకున్నప్పుడే వస్తే జర చూస్తుంటివి."

ట్యాంకులు, రన్‌వేలు, కూడళ్లు చాలావరకు మరిచిపోయాను. తప్పు ఒప్పుకున్నందుకు ఈనాటికీ బాధ లేదు. కానీ మా గుట్టను నేను చివరిసారి చూసింది ఆ ఎడారిలోనే. కళ్లు మూస్తే చాలు, ఇసుక అంటిన నా వేళ్లే ఒక్కో రాయినీ తీసి బకెట్‌లో వేస్తుంటాయి.