కొత్త పిస్టలు, పాత చెయ్యి

కువైట్‌లోని మా షూటింగ్ క్లబ్బుకు ఈ రోజు కొత్త మోడల్ ఎయిర్ పిస్టలు వచ్చింది. పదేళ్ల నా పాత పిస్టలును వదిలి దీనిని కొనవచ్చునా అని తేల్చుకోవడానికి సాల్మియా నుంచి ఉదయమే బయలుదేరి వెళ్లాను. ఏడాదిగా నా గురి తప్పుతోంది. దోషం పిస్టలుదేనని నా గట్టి నమ్మకం.

అక్కడ పిస్టళ్లు బాగుచేసే రాయచోటి ఓబులేసు, గుళ్లు లేని పిస్టలు నా చేతికిచ్చి, దాని గొట్టం మీద వంద ఫిల్సుల నాణెం పెట్టాడు. ట్రిగ్గరు నొక్కినా నాణెం పడకపోతే ఆ పిస్టలు మనకు కుదిరినట్లు. పాతదాని మీంచి నాణెం పడింది. కొత్తదాని మీంచీ పడింది.

"ఏసీ గాలికి పడిందిలే సార్," అంటూ ఓబులేసు ఏసీ కట్టేశాడు. మళ్లీ పడింది.

"ఏదీ, నువ్వు నొక్కి చూడు," అన్నాను.

నా పాత పిస్టలునే తీసుకుని మూడుసార్లు నొక్కాడు. నాణెం కదలలేదు. అతడు నా ముఖం చూడకుండా అడిగాడు.

"పొద్దున టిఫిను తిన్నారా సార్? కడుపులో ఏం లేకుంటే చెయ్యి వణుకుతాది."

"తిన్నాను ఓబులేసూ."

"అట్లయితే కొత్తది యాల సార్, వద్దులే."

నలభై ఏళ్లు పిల్లల చేతిరాత దిద్దిన చెయ్యి ఇది. వచ్చే నెల పోటీ జాబితాలో నా పేరును నేనే కొట్టివేసి వచ్చాను. ఆ గీత కూడా వంకరగానే వచ్చింది.

చేతులకు కొత్త మోడల్ ఎక్కడైనా వచ్చి ఉంటే, తెలిసినవారు దయచేసి తెలియజేయగలరు.