హోప్ టౌన్ రోడ్డు మీద జ్ఞానవతి

మా దీవిలోని షాదీపూర్‌లో ఎవరైనా కాలినడకన కనబడితే బండి ఆపడం మర్యాద. ఎక్కడం కూడా మర్యాదే. ఎక్కకపోతే ఆ బండివాళ్ల ఇంటిమీద కోపం ఉన్నట్టు లెక్క. నా భార్య జ్ఞానవతి నడకకు మొదటి అడ్డు ఇదే.

ఇరవై తొమ్మిదేళ్లు ఆఫీసులో టైపిస్టుగా కూర్చున్న మనిషి. రిటైరయ్యాక షుగరు బయటపడింది. రోజుకు అరగంట నడవమని డాక్టరు చెబితే, "ఇంట్లో చేసేదంతా నడక కాదేటండీ?" అని ఆయన్నే అడిగింది. పొద్దున వంట, ఆపైన ఉక్కపోత, ఏడాదిలో సగం వాన. చీర కింద బూట్లేసుకుంటే చర్చిలో నవ్వుతారన్న సిగ్గు వేరే. అన్నీ దాటుకుని చివరికి ఒకరోజు గుమ్మం దిగింది. నాలుగిళ్లు దాటకముందే మహాలక్ష్మమ్మగారి అబ్బాయి ఉమేష్ స్కూటర్ ఆపాడు.

"బైఠో ఆంటీ, బజారు దాకా దింపీస్తాను."

"వద్దు బాబూ, ఊరికే నడుస్తన్నాను."

"అరే, ఊరికే ఎవరు నడుస్తారు? అమ్మ మీద నారాజ్ అయిపోయారా ఏటి?"

ఎక్కింది. బజారులో ఏ పనీ లేక ఒక కొబ్బరికాయ కొని ఆటోలో తిరిగొచ్చింది. మూడు రోజుల్లో మూడు కొబ్బరికాయలు పోగయ్యాయి. నేను కడుపుబ్బ నవ్వాను.

ఉపాయం చెప్పింది వెరోనికా. చర్చి పాటల బృందంలో జ్ఞానవతి పక్కన నిలబడే మనిషి. "మనల్ని ఎరిగినోళ్లు లేని చోటకి పోదాం అక్కా" అంది. ఇద్దరూ పొద్దున్నే చాథం రేవులో బోటెక్కి ఆవలి ఒడ్డున దిగి, సముద్రం పక్కనే హోప్ టౌన్ దాకా నడిచి వచ్చేవారు.

మూడు నెలలకు షుగరు దిగింది. సంతోషించాల్సిన విషయమే. నేను సంతోషించలేదు. ఇంటికి వచ్చేసరికి ఆమె మొహంలో ఇంకా కాస్త నవ్వు మిగిలి ఉండేది. అది నాకోసం తెచ్చింది కాదు. అన్నం దగ్గర "వెరోనికా ఏటందంటే" అని మొదలుపెట్టి, తనలో తనే నవ్వుకుని, "పోన్లెండి, మీకు అర్థం కాదు" అనేది. ముప్పై ఒక్క ఏళ్ల కాపురంలో నాకు అర్థం కానిది ఆ మనిషికి మూడు నెలల్లో ఎలా అర్థమైంది? ఒక ఆదివారం వెరోనికా నాతో, "అక్కకి బోటంటే ఎంత భయమో! మొదటి వారమంతా నా చెయ్యి వదల్లేదు" అంది. నాకా సంగతి తెలియదు. తెలిసినట్టు తలూపాను.

మర్నాడు వాళ్లు వెళ్లాక, నా స్కూటర్ని బండ్ల బోటు ఎక్కించి నేనూ వెళ్లాను. మలుపు దగ్గర ముందు వాళ్ల నవ్వు వినబడింది, తర్వాత వాళ్లు కనబడ్డారు. కొంగులు నడుముకు దోపుకుని, చేతులు ఊపుకుంటూ పోతున్నారు. జ్ఞానవతి అంత వేగంగా నడవగలదని నేనెరగను.

పక్కనే బండి ఆపాను. "ఎండెక్కుతోంది. ఎక్కు జ్ఞానా."

"ఇంకా సగమే అయ్యిందండీ."

"నీకోసం సముద్రం దాటి వచ్చాను."

ఆమె వెరోనికా వైపు చూసింది. టీ దుకాణం ముందున్నవాళ్లు మమ్మల్ని చూస్తున్నారు. అంత దూరం వచ్చిన మొగుడి బండి ఎక్కకుండా ఎలా ఉంటుంది? "నువ్వు మెల్లిగా రా వెరోనికా" అని ఎక్కింది. దారిపొడుగునా నా భుజం మీద చెయ్యి వేయలేదు. సీటు వెనక కడ్డీ పట్టుకుంది.

ఇకనుంచి నేనే తీసుకువెళ్తానన్నాను. మెరీనా పార్కుకు బండి మీద వెళ్లి బెంచీ మీద కూర్చునేవాళ్లం. వానలు మొదలయ్యాక అదీ మానేశాం. షుగరు మళ్లీ పెరిగింది. నడక ఊసు ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. రెండేళ్లకు గుండె ఆగిపోయింది. నడిచి ఉంటే బతికేదని ఏ డాక్టరూ అనలేదు. నేనూ అడగలేదు.

చర్చిలో ఆమె స్మరణ కూడిక పెట్టాం; అందులో ఎవరైనా లేచి పోయినవాళ్ల గురించి సాక్ష్యంగా నాలుగు మాటలు చెప్పవచ్చు. వెరోనికా లేచి, "హోప్ టౌన్ రోడ్డు మీద అక్క నాతో..." అనగానే నేను పాస్టరుగారికి పాట మొదలుపెట్టమని సైగ చేశాను. అందరూ పాట అందుకున్నారు. ఆమె కూర్చుంది.

పోయిన నెల చర్చి బయట ఆమెను ఆపి అడిగాను: "ఆ రోజు ఏం చెప్పబోయావమ్మా? మీరిద్దరూ ఏం మాట్లాడుకునేవారు?"

"అవి మా మాటలు, ప్రేమయ్య అన్నయ్యా. ఇప్పుడు ఇవ్వను." గొంతులో కోపం లేదు. "ఆ పొద్దు మీరూ బండి దిగీసి మాతో నాలుగడుగులు వేసుంటే అన్నీ వినీసేవోరు. అక్క ఎంత సంబరపడేదో."

బండి దిగవచ్చని ఆ పొద్దున నాకు తోచనే లేదు.