సున్నపు బట్టీ దగ్గర మా యారాలు

మొన్న పొద్దున్నే మిర్యాలగూడ నుంచి ఫోను వచ్చింది, మా యారాలు పోయిందని. మా బావ భార్య ఆమె. తోటికోడలిని మా వైపు యారాలు అంటారు. యారాళ్ళకు పడదని లోకం మాట. మమ్మల్ని చూసి ఆ మాట అన్నవాళ్ళు లేరు.

నేను కాపురానికి వచ్చేనాటికి రజాకార్ల బాధ అప్పుడే తీరింది. సరిహద్దు దాటిపోయిన జనం తిరిగొచ్చి కాలిన ఇళ్ళు మళ్ళీ కట్టుకుంటున్నారు. సిమెంటు ఎరగని రోజులు. కోదాడ పక్కన మా మామ పెట్టిన బట్టీకి సూర్యాపేట నుంచి కూడా బండ్లు కట్టుకొని వచ్చేవారు. మగవాళ్ళు గుట్ట మీద సున్నపురాయి కొట్టి తెస్తే, రాయి ఒక వరుస, బొగ్గు ఒక వరుస మేము పేర్చేవాళ్ళం. కాలిన రాయిని నీళ్ళతో చల్లార్చి సున్నం చేయడం యారాలి పని.

"రాయి పైకి సల్లగనే కనవడ్తది చెల్లె, లోపల మంటుంటది. మన మామ గూడ అసుంటోడే," అనేది, ఆయనకు వినపడేటట్టే. కోపమొస్తే "సున్నంలకు బొక్క గూడ మిగలనియ్య" అని, అంటే ఎముక కూడా మిగలనివ్వనని, బెదిరించేది. సున్నం కాల్చే ఇంట్లో ఆ మాటకు నవ్వాలో భయపడాలో నాకు తెలిసేది కాదు.

నేను గొర్లు కాసే ఇంటి పిల్లను. ఒక ఎండాకాలం, ఆమె అటు తిరిగి ఉండగా, పని తొందరగా అవుతుందని కాలిన రాళ్ళ కుప్ప మీద కుండెడు నీళ్ళు గుమ్మరించాను. బట్టీ చూడని మీకు చెబుతున్నాను, రాళ్ళను నీళ్ళలో వేయాలి గాని రాళ్ళ మీద నీళ్ళు పోయకూడదు. కుప్ప బుస్సుమని పేలి, ఉడుకుతున్న సున్నం ఎగిరి నా కుడికంట్లో పడింది.

యారాలు నన్ను వెల్లకిలా పడేసి, మోకాలితో అదిమి, రెప్ప తెరిచి పట్టి నీళ్ళు పోస్తూనే ఉంది. చల్లార్చడానికని వాగు నుంచి మోసి తెచ్చిన కుండలన్నీ ఖాళీ చేసింది. బండ్లవాళ్ళు సున్నం కోసం ఎదురుచూస్తున్నారు.

"నీళ్లన్ని పారవోస్తున్నవ్, ఇగ సున్నం ఏంతోటి సల్లారుస్తవ్?" అని మామ అరిచాడు.

ఆమె తలెత్తలేదు. "రాయి రేపు గూడ సల్లారుతది మామా. కన్ను రేపటిదాంక ఆగదు."

మామ కావడి భుజాన వేసుకొని వాగుకు పోయాడు.

కంటికి గుడ్డ కట్టి ఉన్నన్నాళ్ళూ నా వంతు పనీ ఆమే చేసింది. ఒక్కనాడూ దెప్పలేదు. తర్వాత సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చాయి, బట్టీలు ఆరిపోయాయి, ఆమె కొడుకు దగ్గరికి మిర్యాలగూడ పోయింది. నా కన్ను ఆమె పెట్టిన భిక్ష. సూదిలో దారం ఎక్కించిన ప్రతిసారీ ఆమెనే తలచుకున్నాను.

కట్టు విప్పిన రోజు ఆమె బట్టీ దగ్గరి నుంచి నేరుగా వచ్చింది. చేతులు మాత్రం కడుక్కొని, నా మంచి కంటిని అరచేత్తో మూసి, "సూడు చెల్లె, నేనెవరో చెప్పు" అంది. మొదట ఒక్క తెలుపే కనిపించింది. చూపు పోయిందనుకున్నాను. తర్వాత ఆ తెలుపులో రెండు కళ్ళు, వాటి కింద ముఖం మీది సున్నాన్ని చీల్చుకుంటూ దిగుతున్న రెండు తడి చారలు.