చచ్చిన మాటతో రాసిన కాగితం

ఇంగ్లిషులో నాకు రావలసినవేవీ సరిగా రావు, అక్కర్లేనిది మాత్రం ఒకటి వచ్చు. అన్‌హ్యాప్. ఆపద, దురదృష్టం అని అర్థం.

ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ని. గల్ఫ్ పనికొచ్చి అల్ అమెరాత్‌లో ఒక విల్లాకు రంగులేస్తుంటే చెత్తలో లావుపాటి డిక్షనరీ దొరికింది. ముందు పేజీలు తడిసి అట్టకు అంటుకుపోయాయి. ఒక మాటకు అర్థం చూస్తే అందులో నాలుగు మాటలు తెలియవు. వాటిని వెతికితే ఇంకో పదహారు. శుక్రవారమంతా అలా తిరిగి, అసలు ఏ మాట కోసం బయల్దేరానో మరిచిపోయేవాణ్ని. అయినా మా లేబర్ క్యాంపు రూమ్‌లో నా పరపతి పెరిగింది. ఆఫీసుకు ఏ అర్జీ పోవాలన్నా నేనే రాయాలి, అందులో ఒక బరువైన మాట ఉండాలి. మావాళ్లు అడిగి మరీ రాయించుకునేవారు.

"సార్లకు సమజ్ కావద్దు తమ్మీ, గట్ల రాయి. అప్పుడే ఇజ్జత్ ఇస్తరు."

డిక్షనరీలో కొన్ని మాటల ముందు చిన్న కత్తి గుర్తు ఉండేది. అవి మేలురకం సరుకు అనుకున్నాను. అన్‌హ్యాప్‌కు కూడా ఆ కత్తి ఉంది. కింద దాని పుట్టుక రాశారు. హ్యాప్ అంటే అదృష్టమట, ఉత్తరాన్నుంచి సముద్రం దాటి ఇంగ్లిషువాళ్ల గడ్డకు వచ్చినవాళ్లు తెచ్చిన మాట. మనందరికీ తెలిసిన హ్యాపీ దాని బిడ్డే. ఏదైనా జరిగితే చెప్పే హ్యాపెన్, ఏమో అనడానికి చెప్పే పర్‌హ్యాప్స్ కూడా ఆ ఇంటివే. ముందు 'అన్' తగిలిస్తే అదృష్టం తిరగబడుతుంది. కొన్ని వందల ఏళ్లు జనం తమ కష్టానికి ఆ పేరే పెట్టుకున్నారు. తర్వాత వదిలేశారు. వదిలేసిన సంగతి నాకప్పుడు తెలియదు.

మా రూమ్‌లో ఒక అన్న ఉండేవాడు, మా మండలంవాడే, స్లాబు పోయడానికి చెక్కలు బిగించే షట్టరింగ్ పని. ఒక పొద్దున రెండో అంతస్తు దగ్గర ఎక్కి నిలబడే పలక జారి కింద పడ్డాడు. తుంటి విరిగింది. ఆ పలకకు కట్టు లేదని డ్యూటీ ఎక్కగానే ఫోర్‌మన్‌కు రెండుసార్లు చెప్పాడు. ఆ రోజు నాకూ అక్కడే డ్యూటీ, పక్కనే ఉండి విన్నది నేను. చూసింది చూసినట్టు రాసివ్వమని ఆఫీసు నన్ను పిలిచింది. తప్పు సైట్‌దని తేలితే కంపెనీ వైద్యం చేయించాలి, అన్న నడిచేదాకా ఉంచుకోవాలి. లేదంటే ఇంటికి పంపేస్తుంది.

ఆస్పత్రి మంచం మీద అన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

"పలక కట్టలేదని రాస్తవు గదరా?"

"పలకనే గాదన్నా, పీకిన మేకులు గూడ లెక్కవెట్టి రాస్త."

నవ్వాడు. నవ్వితే నొప్పి లేచి నన్ను తిట్టాడు.

ఆఫీసులో కాగితం ముందు కూర్చోగానే ఫోర్‌మన్ వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డాడు. నా హాజరు, ఓవర్‌టైం రాసేది అతనే. సరిగ్గా అప్పుడే ఆ మాట గుర్తొచ్చింది. అందులో ఏడుపంతా ఉంది, ఎవరి చెయ్యీ లేదు. ఇంత పెద్ద మాట చూసి వాళ్లే అర్థం చేసుకుంటారులే అనుకున్నాను. అబద్ధం. అలా అనుకున్నట్టు నటించాను. 'నా సోదరునికి గొప్ప అన్‌హ్యాప్ కలిగినది' అని ఇంగ్లిషులో రాసి సంతకం పెట్టాను.

గుమాస్తా చదివి తల గోక్కున్నాడు.

"యే క్యా లిఖా హై భాయ్?"

అర్థం చెప్పాను.

"అచ్ఛా, నసీబ్ ఖరాబ్!"

రాత బాగోలేదన్నమాట, అయితే ఎవరి తప్పూ లేదా అని అడిగాడు. వెనక ఫోర్‌మన్ గొంతు సవరించుకున్నాడు. నేను లేదన్నట్టు తల ఊపాను.

ఆ వారమే అన్నం కుక్కర్ ఆవిరికి పట్టి డిక్షనరీ ముందు పేజీలు విడదీశాను. కత్తి గుర్తుంటే చచ్చిపోయిన మాట అని అక్కడ ఉంది. అయితే ఏం? బతికున్న మాట దొరికినా దాని చేత నేను ఆ పనే చేయించేవాణ్ని.

ఎయిర్‌పోర్టులో అన్నను చక్రాల కుర్చీలో తోసుకెళ్లింది నేనే.

"కాయితం మంచిగ రాసినవా తమ్మీ?"

"మస్తు రాసిన. ఆఫీసుల అందరు సదివిండ్రు."

"మరి నన్నెందుకు తోలేస్తుండ్రురా?"

దేనికైనా నా దగ్గర ఒక జోకు ఉంటుంది. వెతికాను. కౌంటర్‌లో ఉన్నామె పాస్‌పోర్టు అడిగింది. అన్న నా ముఖం మీది నుంచి చూపు తీయకుండానే జేబులోంచి తీసి ఆమెకు ఇచ్చాడు.