వంతెన మీద డ్రాప్

ఇంగ్లిష్‌లో నాకు గట్టిగా వచ్చిన క్రియ ఒక్కటే, డ్రాప్. జనగామ స్టేషన్ బయట కారు పెట్టుకున్నవాడికి అన్నం పెట్టే మాట అది. ఒకవైపు బేరమైతే డ్రాపింగ్. ప్రోగ్రాం వద్దనుకుంటే డ్రాప్. కంట్లో వేసుకునేవి డ్రాప్స్. ఎనిమిదిలో బడి మానేసిన నాకు సర్కారు పెట్టిన పేరు కూడా డ్రాపౌటే. ఇంత దగ్గరి చుట్టం నన్నొకరోజు హంతకుణ్ని చేస్తుందని కలలో కూడా అనుకోలేదు.

ఆ పొద్దున రైలు దిగిన స్పెయిన్ ఆవిడకు అరవై దాటి ఉంటాయి. ఆమె ఇంగ్లిష్ నా ఇంగ్లిష్ కంటే తక్కువ. అలాంటి మనిషి భూమ్మీద ఉంటుందని అప్పుడే తెలిసింది. మహబూబాబాద్ చూసుకుని కాళేశ్వరం పోవాలని ఫోన్‌లో మ్యాపు చూపించింది. ఒడిలో గుడ్డ సంచి, అందులో రేకు డబ్బా. బిస్కెట్లనుకున్నాను.

మహబూబాబాద్ దగ్గర ఒక తండా పక్కన, మూతపడ్డ పాత దవాఖాన ముందు ఆగాం. ఆమె ఆ గోడల్ని చూసి చాలాసేపు ఏడ్చింది. ఎందుకని అడిగే భాష లేక టీ తెచ్చాను. నా గ్లాసు పెట్టడానికి చోటు దొరక్క సీటు మీదున్న డబ్బా మీద పెట్టాను. ఆమె దాన్ని మెల్లగా తీసి నా చేతికిచ్చి, ఫోన్‌తో ఏదో చెప్పింది. ఫోన్ వార్తలు చదివే గొంతుతో తెలుగులో అంది: "ఈ డబ్బాలో నా మేనత్త ఉన్నారు."

టీ అంతా ప్యాంటు మీదే ఒలికింది. తొర్రూరులో ఆకలేసి, ఆ డబ్బా చూపించి ఒక బిస్కెట్టు పెట్టమని నేను చేయి చాపిన సంగతి గుర్తొచ్చింది.

మిగతా సంగతి కూడా ఫోనే చెప్పింది. మేనత్త ఈ దవాఖానలో నర్సు. ఇక్కడివాళ్లు తమవాళ్ల అస్థికలను కాళేశ్వరంలో కలపడం చూసి, తననూ అక్కడే కలపమని మేనకోడలి దగ్గర మాట తీసుకుందట. రేపు తిరుగు విమానం. ఆమెకు ఉన్నది ఈ ఒక్క రోజే.

చిక్కల్లా నేను మాట్లాడటంలో వచ్చింది. నా తెలుగు ఆ ఫోన్‌కు ఎక్కలేదు. "ఏడికి" అంటే "ఏడుకి" అని రాసుకుంది. ఇన్నేళ్లు మా యాసను చూసి సినిమాలవాళ్లు నవ్వింది చాలదా, ఇప్పుడు యంత్రం కూడానా అని ఇంగ్లిష్‌లోకి మారాను.

భూపాలపల్లి దాటి అడవి దారిలో పోతుంటే, నది దగ్గర ఎక్కడ దిగాలని అడిగింది. "బ్రిడ్జ్. ఐ డ్రాప్ యు" అన్నాను. ఫోన్ దాన్ని స్పానిష్‌లో చదివింది: "తే దెహారే కాయెర్ ఎన్ ఎల్ పువెంతే."

ఆమె ముఖం సున్నం కొట్టినట్టయింది. తలుపు గుద్దసాగింది. ఒక అవ్వ టీకొట్టు ముందు ఆపితే, డబ్బా గుండెకు హత్తుకుని దూకి, వెనక్కి పోయే బస్సులకు చెయ్యెత్తడం మొదలుపెట్టింది. బస్సు ఆగితే మేనత్త మళ్లీ స్పెయిన్‌కే. నేను చేతులు జోడిస్తూ దగ్గరికి పోతే ఫోన్‌ను కత్తిలా చాపింది. అది అడిగింది: "నన్ను వంతెన మీది నుంచి ఎందుకు పడేస్తారు?"

నేను చేతులు దించి టీకొట్టు వైపు చూశాను.

"ఏమన్నవ్‌రా బిడ్డా, గట్ల వణుకుతాంది?" అంది కొట్టు అవ్వ.

"డ్రాప్ చేస్త అన్న, అవ్వా."

"దింపుత అని చెప్తే నీ సొమ్మేం పోయె?"

"ఆమెకు తెలుగు రాదే."

"నీకు ఇంగిలీషు వచ్చినట్టు."

నీళ్ల సీసాను సీట్లో కూర్చోబెట్టాను. కారు నాలుగు గజాలు నడిపి, తలుపు తీసి, కొత్త కోడల్ని దించినట్టు సీసాను కింద పెట్టి దండం పెట్టాను. ఆమె కళ్లు నెమ్మదించాయి. దగ్గరికొచ్చి, నిలబడ్డ సీసాను చూపి "దెహార్" అంది. దాన్ని పడగొట్టి "కాయెర్" అంది. ఫోన్ నా డ్రాప్‌కు ఆ రెండో మాట తగిలించింది. ఒట్టి దెహార్ అంటే దించడమూ అవుతుందట, ఇడిచిపెట్టి పోవడమూ అవుతుందట. తన మొగుడు ఆఖరున అన్నది అదేనని ఫోన్ చెప్పింది, వార్తల గొంతుతోనే.

డబ్బా సంగతి తెలిసి అవ్వ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "మరి దింపుడుకల్లం అయ్యిందా?"

మోసుకుపోయే పాడెను దారిలో దించి, ప్రాణం ఏమైనా మిగిలిందేమోనని చెవిలో పేరు పెట్టి పిలవడం అది.

"బూడిదకు చెవులేడియి, అవ్వా?"

"పిలిచేటోళ్లకు నోరున్నది గదరా."

ఎట్లాగో సైగలతో చెప్పాను. ఆమె డబ్బాను నేల మీద దించి, ఫోన్ పక్కన పెట్టి, మోకాళ్ల మీద వంగి పిలిచింది. మళ్లీ పిలిచింది. మూడోసారి పేరు సగమే బయటికొచ్చింది.

కింది నుంచి ఆడగొంతు పలికింది: "నో తే ఓయిగో."

అవ్వ నా చొక్కా పట్టుకుంది. నేను పట్టుకోవడానికి ఎవరూ లేక కారును పట్టుకున్నాను. ఆమె మాత్రం కదల్లేదు. కాసేపటికి ఫోన్ తెరను మావైపు తిప్పింది. మాట అందక ఫోనే పలికిందట. నీ మాట వినిపించడం లేదని దాని అర్థం. ఆమె నవ్వడం మొదలుపెట్టింది, ఆ నవ్వు మధ్యలోనే ఏడుపయింది. ఫోన్ ఆపి, పెదవులు డబ్బా మూతకు ఆనించి, అడవి వినేలా పిలిచింది. ఈసారి ఎవరూ పలకలేదు.

"ఇగ తీస్కపోండి" అంది అవ్వ.

కాళేశ్వరంలో మేం వంతెన దాకా పోనే లేదు. రేవులో ఆమె మోకాళ్ల లోతున నిలబడి, మూత తీసి, వెనక్కి తిరిగి నన్ను అడిగింది: "ద్రాప్?"

ఆ మాటను మళ్లీ నోట పెట్టుకునే ధైర్యం లేకపోయింది. గుప్పిట మూసి, నీళ్ల వైపు మెల్లగా తెరిచి చూపించాను. ఆమె డబ్బా వంచింది.