చెవుల మీది కొంగు

మొన్న చనిపోయిన మేనత్తను పెట్టెలో పడుకోబెట్టాక ఎవరో ఆమె తలమీద కొంగు కప్పారు. కొత్త చీర గంజి వాసన తగలగానే, అరవైల మొదట్లో తోటపల్లి గూడూరు చర్చిలో ఒక ఆదివారం గుర్తొచ్చింది. అప్పటికి నాకు ఏడేళ్లు.

అత్తకు చిన్నప్పుడే చెవుడు వచ్చింది. అయినా ఆ ఆదివారం నేను అప్పజెప్పాల్సిన బైబిలు వాక్యం నేర్పింది ఆమే. నా పెదవులు చూసి తప్పులు పట్టేది. ఆ వారమే పుస్తకంలో 'బధిరుడు' అనే మాట కనబడితే నాయనను అడిగాను.

"చెవిటివాడు పాపా. కట్టెయ్యడం అనే అర్థంలోనించి పుట్టిందంట ఆ మాట."

అత్త చర్చిలో కొంగును చెవుల మీదుగా బిగించి కప్పుకునేది. ఆమె చెవుల్ని కట్టేసింది ఆ కొంగేనని నాకు తెలిసిపోయింది. వాక్యం చెప్పడానికి లేచి, ముందు ఆ కొంగు లాగేశాను.

"ప్రార్థనలో ముసుగు తీసిందే! ఏం పిల్లమ్మా ఇది?" అంది పక్కనున్నామె.

"అత్తకు వినపడాలని చెవులు విప్పినా."

నా పెదవులు చూసి అత్త నవ్వింది. కొంగు మళ్లీ కప్పుకుని చెవుల వెనక్కి నెట్టుకుంది. "ఇంక చెప్పు పాపా, వింటా."

ఒకచోట తప్పు చెబితే తల అడ్డంగా ఊపింది. దాంతో ఆమెకు వినబడిందనే చాలా ఏళ్లు నమ్మాను. ఆ తర్వాత ఏ ఆదివారమూ ఆమె చెవుల మీద కొంగు కప్పుకోలేదు.

మొన్న పెట్టె మూసే ముందు వంగి, కొంగును చెవుల వెనక్కి సర్దాను.